తూకానికి పోతున్న లేత్‌లు

గౌరవనీయులైన సంపాదకులకు,

గత వారం మీ పత్రిక జిల్లా అనుబంధంలో, ప్లాట్ల అమ్మకాలకూ పేరు మార్పు ప్రకటనలకూ నడుమ, ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థ వారి వేలం ప్రకటన చూశాను. "నిరుపయోగమైన యంత్రసామగ్రి" అనే పేరు కింద ఎనిమిది లేత్‌లు (ఇనుప ముక్కను తిప్పుతూ గుండ్రంగా కోసే యంత్రాలు), రెండు షేపింగ్ యంత్రాలు, ఒక మిల్లింగ్ యంత్రం ఉన్నాయనీ, వాటిని ఉన్నచోట ఉన్నట్లుగా తూకం లెక్కన అమ్ముతామనీ, పాడుకున్నవారే పది రోజుల్లో పెళ్లగించి తీసుకుపోవాలనీ అందులో ఉంది. బాలానగర్‌లో నలభై ఏళ్లకు పైగా పాత యంత్రాలను విప్పి, అరిగినచోట సరిచేసి, మళ్లీ కొలతకు నిలబెట్టే పని చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి కావడం వల్ల ఆ ప్రకటనను దాటి పేజీ తిప్పలేకపోయాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ప్రకటనలు రెండు రాష్ట్రాల్లోనూ తరచుగా వస్తూనే ఉంటాయి కాబట్టి ఒక్కరిని వేలెత్తి చూపడంలో అర్థం లేదు.

అమ్మకూడదని నేను అనడం లేదు. కొత్తవి రావాలంటే పాతవి చోటు ఖాళీ చేయాలి. నా ప్రశ్నల్లా, ఆ లేత్‌లు నిరుపయోగమని ఎవరు, ఏ పరికరంతో కొలిచి తేల్చారన్నదే. నాకు తెలిసినంతలో యంత్రాన్ని కండెమ్ చేసే, అంటే పనికిరాదని కొట్టేసే, తతంగం ఇలా ఉంటుంది: కమిటీ వస్తుంది, రిజిస్టర్‌లో కొన్న సంవత్సరం చూస్తుంది, యంత్రం మీద పేరుకున్న జిడ్డునూ తుప్పునూ చూస్తుంది, "టేపర్ కోస్తోంది (ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వస్తోంది), గేర్లు మోగుతున్నాయి" అని అక్కడి బోధకుడు చెప్పిన మాట రాసుకుంటుంది, సంతకాలు పెడుతుంది. యంత్రం మీద వాలు చూపే ఒక స్పిరిట్ లెవెల్ గానీ, సన్నటి తేడాలను ముల్లుతో చూపే ఒక డయల్ గేజ్ గానీ పెట్టి చూసిన కమిటీ నా అనుభవంలో ఒక్కటీ లేదు. ఆ నివేదికల్లో కొన్న ధర, కొన్న తేదీ తప్ప మరో అంకె కనిపించదు.

చాలా ఏళ్ల కిందట ఇలాగే కండెమ్ కాబోతున్న ఒక లేత్‌ను చూడటానికి నన్ను పిలిచారు. మీటరు పొడవు షాఫ్ట్‌ను తిప్పి కోస్తే ఒక కొసకూ మరో కొసకూ వ్యాసంలో 0.08 మి.మీ. తేడా వస్తోందనీ, బెడ్, అంటే యంత్ర భాగాలన్నీ కూర్చునే పొడవాటి పోత ఇనుప పీఠం, అరిగిపోయిందనీ వారి ఫిర్యాదు. బెడ్‌ను కిరోసిన్‌తో కడిగి, మీటరుకు 0.02 మి.మీ. వాలును ఒక గీతగా చూపించే లెవెల్‌ను బెడ్‌కు అడ్డంగా పనిముక్కను తిప్పే హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, దాని రెండో కొసను ఆనించే టెయిల్‌స్టాక్ దగ్గర ఒకసారి పెట్టాను. రెండు చోట్లకూ మధ్య బుడగ పన్నెండు గీతలు జరిగింది. అంటే బెడ్ తడిపిన బట్టను పిండినట్లు మెలిపడి ఉంది. పన్నెండు గీతలంటే మీటరుకు 0.24 మి.మీ. వాలు, బెడ్ మీద నుంచి సుమారు 170 మి.మీ. ఎత్తున ఉండే టూల్ (కోసే ఉలి) మొన ఆ వాలుకు 0.04 మి.మీ. పక్కకు జరుగుతుంది, వ్యాసంలో అది రెట్టింపై, సరిగ్గా వారు చెప్పిన 0.08 అవుతుంది. కాళ్ల కింద చూస్తే, ఏళ్ల తరబడి నూనె కారి నానిన సిమెంటు దిమ్మె ఒక మూల కుంగిపోయి ఉంది, ఆ మూల బోల్టు చేత్తో తిరుగుతోంది. బోల్టులు వదులు చేసి, ఉక్కు ముక్కలు దోపి కాలు ఎత్తి, రెండు కొసల్లోనూ బుడగ ఒకే చోట నిలిచేదాకా సర్ది, దిమ్మె తిరిగి పోయించాం. అరిగిందనుకున్న బెడ్ మీద ఆకురాయి కూడా ఆనించలేదు. ఆ లేత్ ఆ తర్వాత చాలా ఏళ్లు పిల్లలకు పని నేర్పింది.

అన్ని యంత్రాల కథా ఇంత తేలిగ్గా తెమలదు. బెడ్ నిజంగానే అరుగుతుంది, అరిగిన తీరు చదవడం తెలియాలి. లేత్ మీద జరిగే పనుల్లో ఎక్కువ భాగం పొట్టి పనులే గనుక టూల్‌ను మోస్తూ బెడ్ మీద జారే శాడిల్ తన జీవితమంతా, పనిముక్కను బిగించే చక్‌కు దగ్గరగా ఉన్న మూరెడు పొడవులోనే అటూ ఇటూ తిరుగుతుంది. టెయిల్‌స్టాక్ వైపు బెడ్ మీద ఫ్యాక్టరీలో పడిన గీతలు ఇంకా కనిపిస్తుంటే, చక్ దగ్గర అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ నునుపును చూసి ముచ్చటపడేవారున్నారు గానీ, నిజానికి అదే గాయం. దానికి కారణం చాలాసార్లు ఇనుప పొట్టు కూడా కాదు, ఎమరీ కాగితం. షాఫ్ట్‌కు మెరుపు తేవడానికి లేత్ మీదే ఎమరీ పట్టి, రాలిన పొడిని తుడవకుండా వదిలేస్తే, ఆ రేణువులు మెత్తటి పోత ఇనుములో గుచ్చుకుని శాడిల్ అడుగును సానరాయిగా మార్చేస్తాయి. శాడిల్ కొసల్లో ఉండి బెడ్‌ను తుడిచే ఫెల్ట్ పట్టీని సకాలంలో మారిస్తే ఆగే నష్టానికి, తర్వాత బెడ్ మొత్తాన్ని విప్పవలసి వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే యంత్రాన్ని తప్పుగా చంపేయడమూ, తప్పుగా కొనడమూ రెండూ దీని దగ్గరే జరుగుతాయి. 50 మి.మీ. షాఫ్ట్ తిప్పుతున్నప్పుడు టూల్ 0.05 మి.మీ. వెనక్కి జరిగితే వ్యాసం 0.1 మి.మీ. పెరుగుతుంది. అదే టూల్ అంతే దూరం కిందికి దిగితే వ్యాసంలో వచ్చే మార్పు ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు, అంటే మన వర్క్‌షాపుల్లో ఎవరూ కొలవలేనంత. అందుచేత బెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి కింద వెలుతురు కనిపించగానే గుండె బాదుకోనక్కర లేదు. బెడ్ ముందు వైపు శాడిల్ జారే దారి ఏ వాలు మీద ఎంత అరిగింది, ఆ అరుగుదల శాడిల్‌ను పక్కకు ఎంత నెట్టింది అన్నదే అసలు లెక్క. భయపెట్టే పల్లం పనికి అడ్డురాకపోవచ్చు, కంటికి ఆనని పక్క అరుగుదల ప్రతి షాఫ్ట్‌నూ పాడుచేయవచ్చు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల షాఫ్టులు, రోలర్లు చేసే ఒక చిన్న వర్క్‌షాపు యజమాని, మూతపడిన ఒక ఫ్యాక్టరీ వేలంలో తూకానికి కొన్న లేత్‌ను లారీలో వేసుకుని మా దగ్గరికి వచ్చాడు. హరిహర్‌లో తయారైన కిర్లోస్కర్ లేత్ అది. కర్ణాటకలోని ఆ ఊళ్లో 1941లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ కంపెనీ ఇప్పుడు లేదు గానీ, వారు పోసిన బెడ్‌లు ఇంకా మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. "అన్నా, ఇది కరిగించుకోవాల్సిందేనా, దీని మీద పని చేసుకోవచ్చా" అని అడిగాడు. చేసుకోవచ్చని చెప్పడానికి మాకు ఒక పూట పట్టింది. హెడ్‌స్టాక్ క్యాస్టింగ్‌లో పగుళ్లు లేవు. బెడ్ వెడల్పూ మందమూ నిండుగా ఉన్నాయి. గేర్లలో రెండింటికి పళ్లు విరిగాయి, హాఫ్ నట్ దాదాపు నున్నగా అరిగింది, అది పట్టుకునే లీడ్ స్క్రూ (శాడిల్‌ను నడిపే పొడవాటి మర) చక్ దగ్గర అడుగున్నర మేర పలచబడింది, బేరింగులు మార్చాలి. ఇవన్నీ డబ్బుతో దొరికేవి. డబ్బుతో దొరకని పోత బాగుంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఈ వృత్తిలో సగం విద్య. తెలియనివారు కంటికి ముందు కనిపించే టూల్‌ను బిగించే టూల్ పోస్ట్ దగ్గరా, దాన్ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ దగ్గరా మొదలుపెడతారు. బెడ్ సరిగా లేనప్పుడు దాని పైన చేసిన ప్రతి సవరణా వంకర పునాది మీద కట్టిన గోడే. ఆ లేత్ బెడ్‌ను విప్పి స్లైడ్‌వే గ్రైండింగ్‌కు పంపాం. చక్ దగ్గర పల్లం పోయేదాకా కోస్తే మూడున్నర దశాంశాలు, అంటే 0.35 మి.మీ., పోయింది. ఆ మేరకు శాడిల్ కిందికి దిగుతుంది. శాడిల్ దిగితే దానికి వేలాడే గేర్ల పెట్టె, ఏప్రన్, దిగుతుంది, ఏప్రన్ దిగితే హాఫ్ నట్ లీడ్ స్క్రూకు సరిగా కూర్చోదు, శాడిల్‌ను తనంతట నడిపే ఫీడ్ రాడ్ వంగుతుంది. అందుకని శాడిల్ అడుగును కొంత మిల్లింగ్ చేసి, టర్సైట్ అనే పేరుతో దొరికే పట్టీని ఎపాక్సీ జిగురుతో అంటించి, దాన్ని స్క్రేప్ చేస్తూ, అంటే చేత్తో గీకి సరిచేస్తూ, శాడిల్‌ను పాత ఎత్తుకు తెచ్చాం. నెమలికంఠం రంగులో ఉండే ఈ పట్టీ టెఫ్లాన్‌లో కంచు పొడి కలిపి చేసినది. రాపిడి తక్కువ, నెమ్మదిగా కదిపినప్పుడు శాడిల్ ఆగి ఆగి ఉలిక్కిపడటం ఉండదు. పాత యంత్రం పాత పద్ధతిలోనే ఉండాలనే పట్టుదల నాకు లేదని చెప్పడానికి కూడా ఈ మాట రాస్తున్నాను.

స్క్రేపింగ్ గురించి మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. రెండు ఇనుప ముఖాలు ఒకదానిమీద ఒకటి ఖచ్చితంగా కూర్చోవాలంటే గ్రైండింగ్ యంత్రం నుంచి వచ్చిన నునుపు చాలదు. సరిచూసే ప్లేటు మీద నీలి రంగును వేలితో ఎంత పలచగా పూయాలంటే, కింద ఇనుము రంగు కనిపిస్తుండాలి. ఆ ప్లేటు మీద పనిముక్కను పెట్టి రెండు అంగుళాలు జరిపి ఎత్తితే, ముక్క మీద ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే నీలం అంటుకుంటుంది. ఆ నీలి చుక్కలను, వాటిని మాత్రమే, పదునైన స్క్రేపర్‌తో తుంటి బలం పెట్టి గీకాలి. ఒక్క గీకుకు లేచేది కొద్ది మైక్రాన్ల పొర. చేతి మీద పడితే ఇనుమని తెలియదు, బూడిదలా ఉంటుంది. తుడవాలి, మళ్లీ నీలం, మళ్లీ గీకడం, ఈసారి గీతలు పోయినసారి గీతలకు అడ్డంగా. మొదట మూడు నాలుగు చోట్ల మాత్రమే తగిలే ముక్క, ఇరవై ముప్పై సార్లయ్యాక 25 మి.మీ. చదరంలో పది పదిహేను చుక్కలు చూపిస్తుంది. చుక్కల మధ్య ఉన్న పల్లాల్లో నూనె నిలుస్తుంది గనుకనే స్లైడ్ బిగుతుగా ఉంటూనే తేలికగా జరుగుతుంది. శబ్దం వినే కుర్రవాడు పని నేర్చుకున్నట్లే: మంచి పదునుతో గీకితే ఎండుటాకు నలిగిన చప్పుడు, మొద్దుబారితే కీచుమంటుంది.

సరిచూసే ప్లేటు సరిగా ఉందని ఎలా తెలుస్తుందని కొత్తగా వచ్చినవారంతా అడిగేవారు. ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో చదివిన పత్రంలో చెప్పిన పద్ధతే ఇప్పటికీ జవాబు. రెండు ప్లేట్లు ఒకదానికొకటి అతికినంత మాత్రాన అవి సమంగా ఉన్నట్లు కాదు, ఒకటి గుబ్బగా, మరొకటి దానికి సరిపోయే పల్లంగా ఉండవచ్చు. మూడు ప్లేట్లు తీసుకుని ఏ రెండు కలిపినా అతికేలా చేస్తే, మూడూ సమతలంగా ఉండటం తప్ప వేరే దారి లేదు. ఏ కొలత పరికరమూ లేకుండా, చేతి పనితో సమతలాన్ని పుట్టించే ఈ యుక్తి ఐటీఐ పాఠంలో రెండు వాక్యాలుగా వస్తుంది. దాన్ని మూడు ప్లేట్ల మీద స్వయంగా చేసి చూసిన విద్యార్థి నాకు ఎదురుపడలేదు.

మిర్యాలగూడ లేత్ దగ్గరికి వస్తాను. ఐదు వారాల తర్వాత, యంత్రం ఎంత కచ్చితంగా ఉందో కొలిచి రాసే టెస్ట్ చార్టు ప్రకారం ఒక్కో పరీక్షా చేశాం. 1927లో జర్మనీలో గేయోర్గ్ ష్లెసింగర్ క్రోడీకరించిన పరీక్షల నుంచి వచ్చినవే ఇవన్నీ. నేడు లేత్‌లకు ఐఎస్‌ఓ 1708 అనే ప్రమాణం ఉంది. వీటిలో నాకు మొదటినుంచీ నచ్చే రెండు నియమాలున్నాయి. చక్‌ను తిప్పే స్పిండిల్‌లో 300 మి.మీ. మాండ్రిల్ (కొలతకు వాడే గుండ్రటి కడ్డీ) పెట్టి చూస్తే దాని కొస కొంచెం పైకీ, కొంచెం టూల్ వైపుకూ ఉండవచ్చు గానీ, కిందికీ వెనక్కీ ఉండకూడదు. ఎందుకంటే పనిముక్క బరువు, కోత ఒత్తిడి దాన్ని ఎటు నెడతాయో అటు ముందే వాలి ఉంటే తప్పు పెరుగుతూ పోతుంది. అలాగే పనిముక్క కొసను చదునుగా కోసి ముఖం తీసినప్పుడు కొద్దిగా పల్లంగా రావచ్చు, గుబ్బగా మాత్రం రాకూడదు. పల్లంగా ఉన్న ముఖం అంచుల మీద నిలకడగా కూర్చుంటుంది, గుబ్బగా ఉన్నది బొంగరంలా ఊగుతుంది. యంత్రం ఎటు తప్పితే పనికి నష్టం తక్కువో ఆలోచించి రాసిన నియమాలివి. ఆ లేత్ రెండింటిలోనూ నిలిచింది. చక్‌లో బిగించి తిప్పిన 300 మి.మీ. ముక్క మీద తేడా ఒక డివిజన్, అంటే 0.01 మి.మీ. వచ్చింది. యజమాని డయల్ ముల్లు వైపు కాక నా ముఖం వైపు చూశాడు. నేను తల ఊపాక గానీ నవ్వలేదు.

ఈ వృత్తికి చెడ్డపేరు తెచ్చినవారూ మాలోనే ఉన్నారని ఒప్పుకోవాలి. పాత యంత్రాన్ని డీజిల్‌తో కడిగి, పుట్టీ పట్టించి, పచ్చ రంగు కొట్టి, బెడ్ మీద చేతి గ్రైండర్‌తో అర్ధచంద్రాకారపు గుర్తులు వేసి "రీకండిషన్ చేసినది" అని అమ్మే అంగళ్లు లేకపోలేదు. ఆ గుర్తులు స్క్రేపింగ్‌కు అలంకారమే గానీ ఆధారం కావు. కొనేవారు రంగును చూడవద్దు. శాడిల్ వదులును సరిచేసే గిబ్ అనే పట్టీని చక్ దగ్గర ఆట లేకుండా బిగించి, శాడిల్‌ను టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పోండి. దారిలో బిగుసుకుపోతే చక్ దగ్గర అరుగుదల ఉన్నట్లే. చక్ దగ్గర బెడ్ అంచు మీద గోరు గీయండి. శాడిల్ తిరిగిన చోటికీ తిరగని చోటికీ మధ్య మెట్టు గోటికి తగులుతుంది. క్రాస్ స్లైడ్ చక్రాన్ని వెనక్కి తిప్పి, స్లైడ్ కదిలేలోపు ఎన్ని గీతలు పోయాయో లెక్కపెట్టండి. ఆపైన అమ్మేవాణ్ణి టెస్ట్ చార్టు అడగండి. చార్టు అంటే ఏమిటని ఎదురు అడిగితే వెనక్కి వచ్చేయండి.

ప్రతి పాత యంత్రాన్నీ బతికించాలని కూడా నేను వాదించను. బెడ్‌లో పగులు ఉన్నా, గేర్‌బాక్స్ పోత పగిలి వెల్డింగ్ పడి ఉన్నా, బెడ్ మొదటినుంచీ పల్చటిదైనా అది తూకానికి పోవడమే న్యాయం. వేడి చేసి గట్టిపరచిన బెడ్‌లను చేతితో స్క్రేప్ చేయడం కుదరదు, గ్రైండింగే దిక్కు. ఆ గట్టి పొర తొలగిపోయేంత లోతుగా అరిగి ఉంటే పని దండగ. అన్ని ఖర్చులూ కలిపి అదే స్థాయి కొత్త యంత్రం ధరలో సగం దాటేటట్లుంటే వద్దని నేనే చెప్పి పంపేవాణ్ణి. బతికించిన యంత్రానికి కూడా కొత్త కాలపు భద్రత తొడగాలి: గేర్లకూ బెల్టులకూ మూతలు, చక్‌కు కవచం, చేతికి అందేచోట ఎమర్జెన్సీ స్విచ్, కాలి బ్రేకు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కదిలే భాగాలకు కంచె ఉండాలని ఎప్పుడో చెప్పింది. మూత లేని గేర్ల పక్కన పైజామా కుర్తాతో నిలబడి పనిచేసేవారిని నేను ఇప్పటికీ చూస్తున్నాను.

ఈ మాటలు హైదరాబాద్ నుంచి రాయడానికి కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, సికింద్రాబాద్ కవాడిగూడలో యంత్ర పరికరాలు చేసే ప్రాగా టూల్స్ మొదలైంది. హెచ్‌ఎంటీ (హిందుస్థాన్ మెషిన్ టూల్స్) బెంగళూరులో పుట్టింది 1953లో, స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ సహకారంతో. అంటే యంత్రాలు తయారుచేసే యంత్రాల విషయంలో ఈ నగరం బెంగళూరు హెచ్‌ఎంటీ కన్నా పదేళ్లు ముందుంది. తర్వాత హెచ్‌ఎంటీకి హైదరాబాదులోనూ యూనిట్ వచ్చింది, ప్రాగా చివరకు దానిలోనే కలిసిపోయింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది. నాకు స్క్రేపర్ పట్టడం నేర్పినవారు ఆ ఫ్యాక్టరీల అసెంబ్లీ షాపుల్లో పనిచేసి వచ్చినవారే. వారు రిటైరయ్యాక బాలానగర్ షెడ్లలో, విజయవాడ ఆటోనగర్‌లో కూర్చుని నేర్పిన పని మా తరం దాకా వచ్చింది. మా తరువాత ఎవరికి అందుతుందో నేను పేరు పెట్టి చెప్పలేను.

కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాల కాలంలో ఇదంతా ఎందుకని అడిగేవారికి నా సమాధానం చిన్నదే. బోరు మోటారు షాఫ్టుకు ఒక్క బుష్ కావాలన్న రైతుకు, రోలర్ ఆగి మిల్లు నిలిచిపోయిన యజమానికి, అదే పూట ఒక్క ముక్క చేసి ఇచ్చేది ఊళ్లో ఉన్న మామూలు లేతే. వేయి ముక్కలకు సీఎన్‌సీ సరైనది, ఒక్క ముక్కకు కాదు. పైగా సీఎన్‌సీ యంత్రానికీ బెడ్ ఉంది, స్లైడ్ ఉంది, అదీ అరుగుతుంది, దాని దిమ్మె కూడా కుంగుతుంది. అప్పుడు తెర మీద కనిపించే అంకెలు సరిగానే ఉంటాయి, ముక్క మాత్రం తప్పుగా వస్తుంది. ఆ తప్పును వెతికి పట్టుకునేది లెవెల్, డయల్ పట్టిన చేయే.

తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోలు, కొత్త యంత్రాలు వస్తున్నాయి, రావాలి. నా విన్నపం ఆ షెడ్ల వెనక వరండాల్లోకి నెట్టబడే పాతవాటి గురించి. ఐటీఐ ట్రేడుల పట్టికలో మెకానిక్ మెషిన్ టూల్ మెయింటెనెన్స్ అనే ట్రేడు ఇప్పటికే ఉంది. దానికి టర్నర్‌కూ ఫిట్టర్‌కూ ఉన్న గిరాకీ లేదు, ఎందుకంటే చాలాచోట్ల ఆ పిల్లలకు విప్పడానికి యంత్రమే ఇవ్వరు, బొమ్మల్లో చూపిస్తారు. కండెమ్ అయిన ఎనిమిది లేత్‌లలో రెండింటిని ఆ పిల్లలకు అప్పగిస్తే, విప్పి, కడిగి, కొలిచి, స్క్రేప్ చేసి, తిరిగి బిగించే ఆ ఏడాదిలో వారు నేర్చుకునేది కొత్త యంత్రం మీద మీట నొక్కి నేర్చుకోలేరు. పాడైపోతుందన్న భయం లేని యంత్రం మీదే చేయి ధైర్యంగా తిరుగుతుంది. నేర్పడానికి రిటైరైన ఫిట్టర్లను గంటల లెక్కన పిలవవచ్చు. డిగ్రీ లేదన్న కారణంతో వారిని గేటు బయట నిలబెట్టే నిబంధన ఉంటే సవరించాలి.

మిగిలినవాటి విషయంలో అధికారులను కోరేది ఇంతే. కండెమ్ చేసే నివేదికకు బెడ్ వాలు, స్పిండిల్ తిరిగేటప్పుడు ఊగే తేడా, టెయిల్‌స్టాక్ ఎత్తు, లీడ్ స్క్రూ వదులు అనే నాలుగు కొలతలైనా జతచేయాలి. దీనికి ఒక యంత్రానికి రెండు గంటలు చాలు, పరికరాలు ఏ టూల్‌రూమ్‌లోనైనా ఉంటాయి. కొలతల్లో బాగుపడేవని తేలినవాటిని తుక్కుతో కలిపి ఒకే లాట్‌గా కాక, ఒక్కో యంత్రంగా, చక్‌తో, గేర్లతో, పొడవాటి ముక్కను మధ్యలో ఆనించే స్టెడీలతో సహా వేలం వేయాలి. తూకానికి పాడుకున్నవారు మొదట చేసే పని బెడ్‌ను గ్యాస్ కట్టర్‌తో లారీకి సరిపడా ముక్కలు చేయడమే. చేంజ్ గేర్లూ, స్టెడీలూ వేరే గోనెసంచిలో, వేరే అంగడికి పోతాయి. ఒక్కో యంత్రంగా అమ్మితే మిర్యాలగూడ, జగిత్యాల, తెనాలి లాంటి ఊళ్ల చిన్న వర్క్‌షాపులవారు తూకం ధర కన్నా ఎక్కువే ఇస్తారని అనుభవం మీద చెబుతున్నాను, అంటే ఖజానాకూ నష్టం లేదు.

మీ పత్రికలో వచ్చిన ప్రకటన ప్రకారం ఆ ఎనిమిది లేత్‌ల వేలానికి ఇంకా గడువు ఉంది. ఆ సంస్థవారు అనుమతిస్తే నేనూ, నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరూ మా సొంత ఖర్చుతో వెళ్లి, ఎనిమిదింటినీ కొలిచి, కాగితం మీద అంకెలు రాసి ఇస్తాం. లెవెల్, డయల్, మాండ్రిల్ మేమే తెచ్చుకుంటాం. వారు ఇవ్వవలసింది ఒక రోజు కరెంటు, నాలుగు లీటర్ల కిరోసిన్, తుడుచుకోవడానికి కొంత వేస్టు నూలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెషిన్ టూల్ ఫిట్టర్,
బాలానగర్, హైదరాబాద్